కంట్రోల్‌లో నా నెత్తురు

మా మనవరాలు నన్ను కంట్రోల్‌లో నుంచి తీసేసింది.

ఈ మాట మెదక్‌లో ఎవరికి చెప్పినా ముందు నా మొహం వైపు జాలిగా చూస్తారు, తర్వాత నా బొటనవేలు వైపు చూస్తారు. మా దిక్కు కంట్రోల్ అంటే రేషన్ దుకాణం. కంట్రోల్ బియ్యం, కంట్రోల్ చక్కెర, కంట్రోల్ డీలరు. అక్కడ మెషీన్ మీద వేలు పెట్టాలి. మెషీన్ ఒప్పుకుంటేనే బియ్యం. ముసలివాళ్ల వేళ్లు అరిగిపోయి ఉంటాయి కాబట్టి దానికి మా మీద అనుమానం ఎక్కువ. బతుకంతా రబ్బరు కోసిన వేళ్లు నావి, ఇంకా అనుమానం.

కానీ నా పేరు పోయింది ఆ కంట్రోల్‌లో నుంచి కాదు. ఇది వేరే కంట్రోల్. దీంట్లో పేరు పోతే బియ్యం ఆగవు. ఆగేది ఏమిటో నాకింకా పూర్తిగా తెలియదు. తెలిసినంతవరకు, తెలిసి ఉన్నన్నాళ్లు, రాసి పెడదామని కూర్చున్నాను.

ముందు నేనెవరో చెప్పాలి. ఒకప్పుడు మెదక్ జిల్లాలో నా ముద్ర పడకుండా ఒక్క కాగితం కదిలేది కాదు. కలెక్టరు సంతకానికి కూడా కింద నా ముద్ర ఉంటేనే విలువ.

అది అబద్ధం. కలెక్టరు ముద్రలు ఎక్కడో సర్కారు ప్రెస్సులో తయారయ్యేవి. నేను కచేరీ గోడకు ఆనుకుని ఒక చెక్క డబ్బా పెట్టుకుని, బడి పంతుళ్లకు, ఎరువుల దుకాణాలకు, సంఘాలకు రబ్బరు స్టాంపులు చేసి ఇచ్చేవాణ్ణి. అన్నిటికంటే ఎక్కువ పోయింది ‘ట్రూ కాపీ’ అనే ముద్ర. ఊళ్లో అందరికంటే ఎక్కువ కోతలు కోసేవాడే ‘ట్రూ కాపీ’ ముద్రలు అమ్మేవాడని మా కండక్టర్ బావ ఇప్పటికీ అంటుంటాడు. బస్సు కండక్టరుగా చేసి దిగినవాడు, నాకు వరసకు బావ. రోజూ నాతో చాయ్ తాగుతాడు, రోజూ నన్ను తిడతాడు.

ఇట్లా ఒక కోత కోసి, వెంటనే ఒప్పుకోవడం నాకు కొత్త అలవాటు. పాత అలవాటు కోయడం వరకే. ఈ ఒప్పుకోవడం ఎందుకు పట్టుకుందో చెప్పడానికే ఇదంతా.

స్టాంపు పని తెలియనివాళ్లకు రెండు మాటల్లో చెప్తాను. సీసం అక్షరాలను తిరగేసి పేర్చాలి. వాటి మీద మెత్తని అట్ట అదిమితే అచ్చు పడుతుంది. ఆ అచ్చులో రబ్బరు ముక్క పెట్టి వేడి మీద బిగిస్తే, రబ్బరు ఉడికి అక్షరాలు పైకి లేస్తాయి. చల్లారాక ఒక మూల పట్టుకుని నెమ్మదిగా ఒలవాలి. తొందరపడితే అక్షరం తోక తెగిపోతుంది. అద్దంలో చూసినట్టుండే అక్షరాలనే నేను జీవితమంతా చదివాను. సీదా అక్షరం కంటే తిరగేసిన అక్షరమే నా కంటికి ముందు అందుతుంది. ఈ సంగతి జర గుర్తుంచుకోండి. ముందు పని పడుతుంది.

మనవరాలు అంటే నా బిడ్డ బిడ్డ. చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడు నా డబ్బాలో కూర్చుని, చల్లారిన రబ్బరు ఒలిచేది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో పరిశోధన చేస్తుంది. బోనాల ముందు ఒక పొద్దున, నర్సాపూర్ మీదుగా వచ్చే బస్సు దిగి, చేతిలో థర్మాకోల్ డబ్బాతో ఇంటికి వచ్చింది. వెంట నెత్తురు తీసే ఒక దవాఖాన ఆమెను కూడా తీసుకొచ్చింది.

“తాతా, నీ నెత్తురు జర ఇయ్యాలె,” అంది.

“నా నెత్తురా? దాంట్ల ఏమున్నదే, సగం చాయ్.”

“మేము మతిమరుపు జబ్బు మీద పని చేస్తున్నం. జబ్బున్నోళ్ల శాంపిల్స్ మా దగ్గర ఉన్నయ్. జబ్బు లేని పెద్దోళ్లయి కావాలె. నిన్ను కంట్రోల్‌ల పెడత.”

“కంట్రోల్‌ల బియ్యం పెడ్తరు, చక్కెర పెడ్తరు. నెత్తురు ఎప్పటిసంది పెడ్తుండ్రు?”

వంటింట్లో నుంచి మా ఆమె అంది: “పెట్టు బిడ్డా, పెట్టు. ఇన్నేండ్లసంది నేనైతే ఆయనను కంట్రోల్‌ల పెట్టలేకపోయిన.”

నవ్వులు అయ్యాక మనవరాలు విడమరిచి చెప్పింది. కంట్రోల్ అంటే సరిచూసుకోవడానికి పెట్టుకునే మంచి ఆరోగ్యమున్న మనుషులట. జబ్బున్నవాళ్ల నెత్తురు పక్కన వీళ్ల నెత్తురు పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. “తూకం రాయి లెక్క, తాతా. రాయి సరిగ్గ ఉంటేనే మిగిలిన తూకమంత సరిగ్గ ఉంటది.”

తూకం రాయి అనగానే నా ఛాతీ ఉబ్బింది. నా కంటే గట్టి తల ఈ మెదక్‌లో ఎవరికుందో చూపించమన్నాను. చూపించేముందు నీ తల చూడాలని ఆమె కొన్ని ప్రశ్నలు వేసింది. మూడు మాటలు చెప్పి, కొంచెం సేపటికి మళ్లీ అడిగింది. చెప్పాను. తారీఖు, వారం అడిగింది. ఠక్కున చెప్పాను. ఒక తెల్ల కాగితం ఇచ్చి గడియారం గీయమంది. గుండ్రంగా గీసి, అంకెలన్నీ వేసి, ముళ్లు పెట్టి ఇచ్చాను.

కాగితం చూసి ఆమె కనుబొమలు దగ్గరికొచ్చాయి. “ఇదేంది తాతా?”

“ఏమైందే?”

“అన్ని ఉల్టా ఉన్నయ్. ఒకటి ఉండే కాడ పదకొండు ఉన్నది.”

“ముద్ర గుద్ది చూడు. సీదా పడ్తది,” అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా వైపు చూసి, కాగితం తిప్పి కిటికీ వెలుతురుకు పట్టుకుంది. వెనక వైపు నుంచి గడియారం సరిగ్గా, సీదాగా కనబడింది. పకపకా నవ్వింది. నెత్తురు తీసే ఆమె కూడా నవ్వింది. స్టాంపుల తాత గడియారం గీసినా స్టాంపే అవుతుందని మనవరాలు మార్కులు వేసేసింది. అందరి కంటే ఎక్కువ నేనే నవ్వాను.

సూది గుచ్చి నెత్తురు తీసుకున్నాక, చాయ్ తాగుతూ, తాను ఏం చేస్తుందో చెప్పింది. నేను చేసిన పనే చేస్తున్నానంది. ముందు ఒక గట్టి పలక మీద సన్నటి గుంతలు చెక్కుతారట, కంటికి కనబడని కిరణాలతో. దాని మీద నీళ్లలాంటి రబ్బరు పోసి, వేడి చేసి, గట్టిపడ్డాక ఒలుస్తారు. ఒలిచిన రబ్బరు మీద బుడిపెలు వరుసలు వరుసలుగా లేచి ఉంటాయి. ఒక్కో బుడిపె ఎంతుంటుందని అడిగాను. నా తల మీద మిగిలిన వెంట్రుకల్లో ఒకదాన్ని చూపించి, దీని మందంలో ఆ బుడిపెలను పక్కపక్కన నిలబెడితే జాతర జనమంత నిలబడతాయని చెప్పింది.

ఆ బుడిపెలకు సిరా బదులు ఒక రకం ప్రోటీను పూసి, గాజు బిళ్ల మీద ఆనిస్తారు. గుద్దరు. ఆనిస్తారు. ఎత్తితే ఒక్కో చోట ఒక్కటంటే ఒక్కటే అణువు మిగలాలి.

“ఒక్కదానికే జాగ. పక్కన ఇంకోటి కూసోనీకి ఉండద్దు. కండక్టర్ సీటు లెక్క,” అంది.

ఆ ఒక్క అణువు ఒక గాలం. నెత్తురులో కోటానుకోట్ల సరుకులు తిరుగుతుంటే, అది ఒకే ఒక్క రకం చేపను పడుతుంది. మెదడులో చెడుతున్న చోటు నుంచి తెగి నెత్తురులోకి జారిన ముక్క, అదీ ఆ చేప. మనిషి మరచిపోవడం మొదలుపెట్టకముందే ఆ ముక్క జారడం మొదలుపెడుతుందట. చేప పడ్డ గాలానికి బంగారు రవ్వ ఒకటి వచ్చి అతుక్కుంటుంది.

బంగారం మాట వినబడగానే మా ఆమె వంటింటి గడప దాటి వచ్చింది. “ఎంత పడ్తది బిడ్డా బంగారం?”

“కంటికి కనబడదు అమ్మమ్మా.”

“కనబడని బంగారం మీ తాత కూడ మస్తు పెట్టిండు నాకు.”

మనవరాలు నవ్వి, మళ్లీ చెప్పింది. బిళ్లకు పక్క నుంచి దీపం వేసి పైనుంచి చూస్తారు. అప్పుడు బిళ్లంతా చీకటి. రవ్వ ఉన్న చోట మాత్రం చుక్క వెలుగుతుంది.

“మంచిగున్నోళ్ల బిళ్ల ఎట్లుంటది?” అని అడిగాను.

“దాదాపు చీకటే తాతా. ఆడొకటి, ఈడొకటి.”

“మరి జబ్బున్నోళ్లది?”

“మస్తు చుక్కలుంటయ్,” అంది. అని, చాయ్ గ్లాసు కింద పెట్టి, “చూసేటందుకైతే మంచిగనే ఉంటది,” అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు తగ్గింది. బయట ముసురు పట్టి ఉంది. ఎందుకో ఎవరం దీపం వేయలేదు.

ఆమె వెళ్లాక చాయ్ హోటల్‌లో నేను చెప్పింది ఇది: మా మనవరాలి ప్రయోగశాల మొత్తం నా దగ్గరే స్టాంపు విద్య నేర్చుకుంది, నా నెత్తురు జిల్లాలోకెల్లా మచ్చలేనిదని తేల్చి తూకం రాయిగా పెట్టుకున్నారు. ఒప్పుకోవాల్సింది ఇది: ఆమె నా డబ్బాలో చిన్నప్పుడు రబ్బరు ఒలిచిన మాట నిజం. మిగతా విద్యంతా ఆమె చదువుకుని తెచ్చుకున్నదే. నేను ఒకే ఒక సలహా ఇచ్చాను, గట్టిగా ఒత్తొద్దని. అది తనకు మొదటి నెలలోనే నేర్పించారని చెప్పింది.

“కంట్రోల్‌ల నీ నెత్తురు పెట్టిండ్రా?” అన్నాడు కండక్టర్ బావ. “మరి కార్డుకు ఎంత ఇస్తరు?”

“నీ అసోంటోళ్లకు ఇయ్యరు. మంచి సరుకది.”

“సరుకు మంచిదే కావచ్చు. కల్తీ ఎంతున్నదో గా పిల్లనే చెప్పాలె.”

హోటలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు నేను నర్సాపూర్ అడవిలో కోతులను చూడడానికి పోయాను. రోడ్డు పక్కన వరసగా కూర్చున్న కోతులకు అరటిపండ్లు పంచి, సాయంత్రానికి తిరిగొచ్చాను. ఇంట్లో అట్లాగే చెప్పాను. హోటల్‌లో ఇంకొంచెం పెంచి, ఒక కోతి నా భుజమెక్కి కూర్చుందని కూడా చెప్పాను.

అసలు నేను బయల్దేరింది శంకరంపేటకు. మా చెల్లె కొడుకు కొత్త ఇల్లు కట్టుకుంటే ఇంట్లో చేరుతున్నారు. చేతిలో వాళ్లకు పెట్టాల్సిన బట్టల సంచి ఉంది. దిగి చూస్తే నర్సాపూర్ బస్టాండు. బోర్డు మీద అక్షరాలు చదవగలుగుతున్నాను. సంచిలో కొత్త బట్టలున్నాయని తెలుస్తుంది. అవి ఎవరివో, నేను ఎందుకు పట్టుకున్నానో మాత్రం తెలియలేదు. సంచిని కాళ్ల మధ్య పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. ఎవరైనా వచ్చి అడుగుతారేమో, నేనేం చెప్పాలో అని భయపడ్డాను. చాలాసేపటికి, కరెంటు వచ్చినట్టు, అంతా ఒక్కసారి వచ్చింది. చెల్లె కొడుకు, ఇల్లు, శంకరంపేట. అప్పటికి ముహూర్తం దాటిపోయింది. కోతులు మాత్రం నిజంగానే కనబడ్డాయి, బస్సు కిటికీలో నుంచి. అరటిపండ్లు లేవు.

కండక్టర్ బావకు బస్సుల సంగతిలో అబద్ధం చెప్పడం కష్టం. అతనికి చెల్లె కొడుకు ఫోన్ చేసినట్టున్నాడు.

“శంకరంపేట ఒక దిక్కు, నర్సాపూర్ ఒక దిక్కు,” అన్నాడు. “బోర్డు సూడలేదా?”

“శంకరంపేటలు రెండున్నయ్ గద బావా. పెద్ద దానికి పోవాల్నో చిన్న దానికి పోవాల్నో సోంచాయించుకుంట ఎక్కిన.”

“రెండున్నయ్. కని రెండిట్ల ఏదీ నర్సాపూర్ కాదు.”

ఈసారి అతను నవ్వలేదు. నా గ్లాసులో చాయ్ చల్లారిపోయిందని ఇంకోటి తెమ్మని చెప్పాడు. అతను నన్ను తిట్టకుండా లేచిన రోజు నాకు తెలిసి అదొక్కటే.

వానలు పెరిగాయి. మంజీర నిండి పారుతుందని, ఏడుపాయల దగ్గర గుడిలోకి నీళ్లొచ్చాయని, అమ్మవారి పూజలు రాజగోపురం దగ్గరే చేస్తున్నారని టీవీలో చెప్తున్న రోజుల్లో మనవరాలు మళ్లీ వచ్చింది. ఈసారి థర్మాకోల్ డబ్బా లేదు, వెంట ఎవరూ లేరు. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, తడి తుడుచుకోకుండానే నా పక్కన కూర్చుంది.

“తాతా, నిన్ను కంట్రోల్‌ల నుంచి తీసేసిన.”

“ఎందుకే? వేలు పడలేదా?”

ఆమె నవ్వలేదు. నేను నవ్వించడానికే అన్నాను. అన్నాక మా ఆమె వంటింట్లో నుంచి బయటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

“నా బిళ్ల చూపియ్యి,” అన్నాను.

“చూపియ్యొద్దు తాతా. రూల్ కాదు.”

“వేరేటోళ్లయి చూపియ్యి మరి. నాది చూపియ్యకు.”

లాప్‌టాప్ తెరిచి ఒక బొమ్మ చూపింది. నల్లటి చీకటి. మూల మీద ఒకటి, నడుమ ఒకటి, అంతే. ఎవరో పెద్దమనిషి నెత్తురట. ఇంకో బొమ్మ చూపింది. అదీ చీకటే. మూడో బొమ్మ రాబోతుంటే ఆమె వేలు గబుక్కున కదిలి దాన్ని దాటేసింది. దాటేలోపల నేను చూశాను. స్టాంపులు చేసినవాడి కన్ను అది, ఒక్క చూపుకే అచ్చు పట్టుకుంటుంది. ఇది మాత్రం కోత కాదు. వరసకు వరస చుక్కలు. దీపావళి నాడు ఖిల్లా మీది నుంచి ఊరిని చూస్తే ఎట్లా ఉంటుందో అట్లా.

“ఒత్తుడు ఎక్కువైంది,” అన్నాను.

“ఏంది తాతా?”

“నువ్వు దాటేసిన బొమ్మ. గుమస్తా కోపంల గుద్దితే అక్షరాల నడుమ రబ్బరు కూడ కాయితానికి అంటుకుంటది. కాయితమంత మరకలైతది. మీ స్టాంపు గట్లనే కుంగింది.”

ఆమె లాప్‌టాప్ మూసింది. “నేను కూడ అదే అనుకున్న. కొత్త రబ్బరు పోసి, కొత్త స్టాంపు చేసి, మల్ల చూసిన.”

“నెత్తురు పాడై ఉంటది, బస్సుల ఊగి ఊగి.”

“అదే బస్సుల అదే డబ్బల ఇంకొకరిది కూడ పోయింది తాతా. వాళ్లది చీకటిగనే ఉన్నది.”

“నీ చెయ్యి వణికి ఉంటది. మీ తాతది అని.”

“గందుకే వేరే పిల్లతోని చేపిచ్చిన. ఎవరిదో ఆమెకు చెప్పలే.”

మా ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇది టెస్టు కాదు,” అని మనవరాలు నా చేయి పట్టుకుంది. “ఇది మా ప్రయోగమే. ఇంక పక్కా కాలే. దీన్ని చూసి ఎవరికీ జబ్బున్నదని చెప్పరాదు. నీకు చెప్పుడే నాది తప్పు. డాక్టర్ చూడాలె, స్కానింగ్ తియ్యాలె. సోమవారం దవాఖానకు పోదాం.”

“జబ్బు లేదంటివి. మరి తీసేసుడెందుకు?”

“లేదనలే తాతా. ఉన్నదని కూడ అనలే. నువ్వు తూకం రాయివి. రాయి మీదనే అనుమానం వస్తే...”



మరునాడు పొద్దున కండక్టర్ బావకు చెప్పాను, కంట్రోల్‌లో నా పేరు తీసేశారని. నిజంగానే రేషన్ సంగతి అనుకున్నాడు. “ఈ-కేవైసీ చేపిచ్చుకోలేదా? నడువు, నేనొస్త డీలర్ దగ్గరికి,” అని లేచాడు. కాదు కూర్చోమని మొత్తం చెప్పాను. విని, మళ్లీ కూర్చున్నాడు.

“నీతోని కష్టమేందంటే,” అన్నాడు, “నువ్వు ఎప్పుడు మరిచిపోయినవో, ఎప్పుడు కోసినవో మాకెట్ల తెలువాలె?”

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. నిజమే. మామూలు మనిషి ఒక మాట తప్పు చెప్తే ఇంట్లోవాళ్లు ఉలిక్కిపడతారు. నేను తప్పు చెప్తే నవ్వుతారు. ఊరు మరిచిపోతే కోతుల కథ అవుతుంది. అంకెలు తిరగబడితే స్టాంపుల తాత చమత్కారం అవుతుంది. ఆ జబ్బు దాక్కోవడానికి నా అంత మంచి ఇల్లు దానికి ఎక్కడ దొరుకుతుంది? ఎన్నాళ్ల నుంచి లోపల కూర్చుని నా కథలు వింటూ నవ్వుతుందో.

అప్పుడే పెట్టుకున్నాను ఈ పద్ధతి. కోత కోయకుండా ఉండడం నా వల్ల కాదు. కోసిన వెంటనే అసలుది చెప్పాలి. అసలుది చెప్పగలిగినంత కాలం అది నా దగ్గరే ఉన్నట్టు. అసలుది దొరకని రోజున నాకు తెలిసిపోతుంది.

మొదట ఒప్పుకున్నది మనవరాలి దగ్గరే. తారీఖు ఠక్కున చెప్పానన్నాను కదా, ఆమె వెనక గోడకు రోజుకో కాగితం చింపే క్యాలెండర్ ఉంది, చూసి చెప్పాను. గడియారం ఆట కోసం తిప్పి గీసిందీ కాదు. సరిగ్గానే గీశాననుకున్నాను. ఉల్టా ఉందని ఆమె అన్నప్పుడు కూడా కాగితం చూసి తప్పెక్కడుందో నాకు కనబడలేదు. ముద్ర గుద్ది చూడమన్న మాట నా నోరు దానంతట అదే అనేసింది. నా నోరు ఎప్పుడూ నా తల కంటే ముందు పరుగెత్తుతుంది. ఆ రోజు అది నన్ను కాపాడిందో ముంచిందో తెలియదు.

అంతా విని ఆమె, “అయితే నేను ఏసిన మార్కులు తప్పు,” అంది. “నేను నవ్వకుండ ఉండాల్సింది.”

“చేతి అలవాటు కూడ కావచ్చు గదనే. ఇన్నేండ్లు ఉల్టానే చదివిన.”

“కావచ్చు తాతా,” అంది. కావచ్చు అని డాక్టర్లు అనేటట్టే అంది.

ఇప్పుడు మా ఆమె సంగతి చెప్పాలి. నేను కోతలు కోస్తే ఊరు నవ్వేది, ఆమె నవ్వేది కాదు. ఎక్కడున్నా, వంటింట్లోనో పెరట్లోనో, కథ అయ్యేసరికి రెండే మాటలు వినబడేవి: “నిజం చెప్పు.” అప్పుడు నేను తల గోక్కుని నిజం చెప్పేవాణ్ణి. పెళ్లయిన కొత్తలో మొదలైంది ఇది. ఒక్క కథ కూడా ఆమె ఊరికే పోనివ్వలేదు. బంధువుల ముందైనా, నా బిడ్డ పెళ్లి చూపుల్లోనైనా అంతే. నాకు కోపం వచ్చేది. ఆ రెండు మాటలు వస్తాయన్న ధైర్యంతోనే నేను అంత దూరం పోయేవాణ్ణని ఈ మధ్యే అర్థమైంది.

నా కథలన్నిట్లో పెద్దది ఏడుపాయలది. పెళ్లయిన ఏడాది జాతరకు పోతే, ఉన్నట్టుండి మంజీర పొంగి, మెడ లోతు నీళ్లలో మా ఆమెను భుజాల మీద ఎక్కించుకుని అవతలి ఒడ్డు చేరానని. ఆమె నెత్తి మీద బట్టల మూట. పక్కనే ఒక మేక కొట్టుకుపోతుంటే దాన్ని కూడా ఇంకో చేత్తో పట్టుకున్నానని. ఈ కథ విని పెరిగింది మనవరాలు. కథ చివర అమ్మమ్మ “నిజం చెప్పు” అనడం, నేను నిజం చెప్పడం, ఆ నిజానికి అందరూ కథ కంటే ఎక్కువ నవ్వడం, ఇదంతా కలిసి ఆమెకు ఒక్క కథ.

ఆదివారం మధ్యాహ్నం. మరునాడు దవాఖానకు పోవాలి. టీవీలో మంజీర నీళ్లు ఎర్రగా గుడి మెట్ల మీదుగా పోతున్నాయి. మా ఆమె చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకు నార తీస్తుంది.

“తాతా, అమ్మమ్మను మోసిన కథ చెప్పు,” అంది మనవరాలు.

నన్ను పరీక్ష చేయడానికి అడిగిందో, నన్ను సంతోషపెట్టడానికి అడిగిందో తెలియదు. చెప్పాను. బాగా చెప్పాను. నీళ్లు మోకాళ్ల నుంచి నడుముకు, నడుము నుంచి మెడకు ఎక్కించాను. మేకను పట్టుకున్నాను. ఒడ్డు చేర్చాను. ఆపి, వంటింటి వైపు చెవి పెట్టాను, అలవాటుగా. ఆమె వంటింట్లో లేదు, ఎదురుగానే ఉంది. తలెత్తలేదు.

సరే, ఆమె అనకపోయినా కొత్త పద్ధతి ప్రకారం నేనే ఒప్పుకోవాలి కదా అని నోరు తెరిచాను.

ఏమీ రాలేదు.

నీళ్లు పాదాల మీదికే వచ్చాయేమో. నేను భయపడితే ఆమే నా చేయి పట్టుకుని దాటించిందేమో. అసలు దాటనే లేదేమో, ఇవతలి ఒడ్డునే కూర్చుని పులిహోర తిని వచ్చామేమో. మోసింది నేను కాదు, వేరే ఎవరో ఎవరినో మోస్తుంటే చూశామేమో. ఒక్కొక్కటీ నిజంలాగే ఉంది. సీసం అక్షరాల పెట్టె కింద పడి, అన్ని గళ్లల్లో అక్షరాలూ కలిసిపోయినట్టుంది. ఏది పట్టుకున్నా అక్షరమే, ఏ గడిదో తెలియదు.

“నిజం చెప్పు అనవా?” అన్నాను మా ఆమెతో.

ఆమె చేతులు ఆగాయి. మళ్లీ కదిలాయి.

“ఏమున్నది చెప్పనీకి?” అంది. “మోసినవు గద. మెడ దాంక నీళ్లు. నేను నెత్తి మీద మూట పట్టుకున్న. గదే నిజం.”

మనవరాలు ఆమె వైపు చూసింది. ఆమె మనవరాలి వైపు చూడలేదు. అప్పటికే నార తీసిన చిక్కుడుకాయను మళ్లీ నార తీస్తుంది.

“మేక?” అని అడిగాను.

“మేక కూడ ఉండె,” అంది.

“చూసినవా మరి,” అన్నాను మనవరాలితో. “నేను చెప్పలేదా?”

ఇందులో కోసిన కోతలన్నీ ఎక్కడికక్కడ ఒప్పుకున్నాను. ఇదొక్కటే మిగిలింది. ఒప్పుకోవాల్సిన అసలు మాట నా దగ్గర లేదు. మనవరాలిని అడిగితే అమ్మమ్మను అడగమంటుంది. అది మా ఆమె దగ్గర ఉంది. ఆమె చెప్పదు.